సిమెంటు కోర్టు మీద దిష్టి

బాబు పుట్టాక నేను ఆడిన మొదటి టోర్నమెంటు కిందటి నెల వరంగల్‌లో జరిగింది. నగదు బహుమతి ఉన్న మహిళల టెన్నిస్ పోటీ, ఆరుబయట సిమెంటు కోర్టు. నెల్లూరు నుంచి నాకు తోడుగా వచ్చిన అత్తయ్య ఫైనల్ రోజున జ్వరంతో బసలోనే ఉండిపోయారు. రోజూ ఆట చూడటానికి వస్తున్న ఒక పెద్దావిడ "నాకియ్యమ్మా" అని బాబును ఎత్తుకుంది. ఆవిడకు ఎదురు వీధిలో బట్టల కొట్టుంది.

వాడు ఏడ్చినప్పుడల్లా బంతిని వదిలి, కంచె అవతల ఉన్న ఆవిడ వైపే చూశాను. మొదటి సెట్ పోయింది. విరామంలో పరుగెత్తి చేతులు చాపితే ఆవిడ బాబును ఇవ్వలేదు.

"పిల్లగాని ఫికర్ నాది. నువ్వు జర ఆట సూస్కో. గెలిస్తేనే ఇస్త, లేకుంటే మా ఇంటికి తోల్కపోత!"

చుట్టూ ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత కంచె వైపు చూడలేదు. మిగిలిన రెండు సెట్లూ గెలిచాను.

ఆవిడ కోర్టులోకి వచ్చింది. నేను బాబును ఎత్తుకోగానే వంగి నేలను తడిమింది. "దిష్టి తీద్దామంటే కాళ్లకింద చిటికెడు మట్టి గూడ లేదు, ఏం కోర్టు ఇది!" అని విసుక్కుని, నా బూటు ఎత్తించి అడుగున అంటిన దుమ్ము గీకింది. నేను బాబును ముందుకు పట్టాను.

"వానికి గాదు బిడ్డా, నీకు! ఇంతమంది కండ్లు నీ మీదనే ఉన్నయి. సక్కగ నిలబడు."

తల్లినయ్యాక నాకు దిష్టి తీసినవాళ్లు లేరు. కప్పు అందుకునేటప్పుడు కూడా ఆవిడ ముందు నిలబడ్డంత నిటారుగా నిలబడలేదు.