షవర్ పక్కన గూడు

మా వీధిలో స్నానాల గదులన్నీ ఉస్తో వఫో కట్టినవే. ఖుజంద్‌లో మేస్త్రీని మేం ఉస్తో అంటాం. వేలితో గోడ మీద కొట్టి వింటే చాలు, లోపల ఏముందో ఆయనకు తెలిసిపోతుంది. అలాంటి మనిషిని నేను నలుగురిలో అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

మా స్నానాల గది బాగుచేయిస్తున్నాను. వియ్యపురాలింట్లో షవర్ పక్కన గోడలోనే చక్కటి గూడు, అందులో షాంపూ సీసాలు. నాకూ కావాలి, అంతే! పాత ఇళ్లలో గోడకో గూడు ఉండేది కాదూ?

వఫో గోడ మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. టీ గిన్నె అందుకుని, "దీనికి గూడు వద్దు సనోబర్ చెల్లీ. మూలన రాతి పలక బిగిస్తాను," అన్నాడు.

"ఎందుకొద్దు? మా ఆయన తన చేత్తో కట్టిన గోడ. ఇటుకన్నర మందం, భూకంపమొచ్చినా కదలదనేవాడు."

"తోలిబ్ మంచివాడు," అన్నాడు వఫో, పోయిన మా ఆయన్ని తలచుకుని, టీలోకి చూస్తూ.

నా నోరు ఊరుకుంటేనా! మర్నాడు పక్కింట్లో పసివాడి ఉయ్యాల వేడుక. పలావు తింటూ పాతికమంది ఆడవాళ్ల ముందు వాగేశాను.

"వఫో పనైపోయిందర్రా! చేతులు వణుకుతున్నాయి. గూడు చేతకాక వద్దంటున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. ఆయన భార్య నిగోరా ఆ వరసలోనే ఉంది. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. ఆ వారమే రెండిళ్లవాళ్లు ఆయనకు ఒప్పజెప్పిన పని మానిపించారు.

నేను బజారు నుంచి వేరేవాణ్ణి పిలిపించాను. రెండో దెబ్బకే ఉలి అటువైపు తేలింది. పక్కగదిలో మడతపెట్టిన అతిథుల బొంతల మీద ఎర్రటి దుమ్ము. చూస్తే గోడ నాలుగు వేళ్ల మందం లేదు. ఇటుకల్ని నిలువుగా నిలబెట్టి పైన పూత పూశాడు మా ఆయన.

కోపంతో ఊగిపోతూ వఫో ఇంటికి పోయాను. "తెలిసీ చెప్పలేదేం అన్నా?"

ఆయన తల దించుకున్నాడు. నిగోరాయే నోరు విప్పింది. "మీ తమ్ముడి పెళ్లికి తందూరు పొయ్యి కావాలని మొగుణ్ణి నిద్రపోనిచ్చావా? ఆ గోడకు తెచ్చిన ఇటుకలే నీ పొయ్యికి పోయాయి. 'సనోబర్‌కి తెలిస్తే బాధపడుతుంది' అంటూ తోలిబ్ ఈయన చేత ఒట్టు వేయించుకున్నాడు. పోయినవాడి పనికి ఉస్తో వంక పెట్టడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా ఆ పొయ్యిలో రొట్టెలు కాలుస్తున్నాను.

పిలవకపోయినా మర్నాడు వఫో వచ్చాడు. కన్నం పూడ్చి, మూలన పలక బిగించాడు. తాపీ పట్టిన ఆ చేయి ఒక్కసారి కూడా వణకలేదు. పూత ఆరకముందే ఉయ్యాల వేడుకకొచ్చిన ఆడవాళ్లు నలుగురు చూడ్డానికొచ్చారు.

"ఏం ఉస్తో, గూడు పెట్టలేదే? గోడ మంచిది కాదా?" అంది ఒకామె.

"గోడకేం తల్లీ, తోలిబ్ గట్టిగానే కట్టాడు. నా చేతులే వణుకుతున్నాయి. సనోబర్ అన్నది నిజమే."

అబద్ధమని అరవాలి నేను. నిజం చెబితే పోయినవాడి పరువు పోతుందని సర్దిచెప్పుకున్నాను. కాదు, నా పరువే. వాళ్లు జాలిగా ఆయన చేతులవైపు చూశారు. నేను టీ పోస్తూ నిలబడ్డాను.