హౌరా పెట్టెలో పడని కవరు

ఎనభైల మొదట్లో నా దగ్గర ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది, ఉద్యోగం లేదు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అప్రెంటిస్‌ల పేర్లు అంటించేవారు. వాటిలో నా పేరు వెతకడం మానేశాక ఒక కలకత్తా ఇంగ్లీషు పత్రికకు వార్తలు పంపడం మొదలుపెట్టాను. జంషెడ్‌పూర్‌లో ఆ పత్రికకు అప్పటికే ఒకాయన ఉన్నాడు. యాభై దాటిన బెంగాలీ. నది అవతల మాంగో అనే పేటలో ఉండేవాడు. ఊరంతా ఆయన్ని దాదా అనేది, బెంగాలీలో అన్నయ్య అని. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నా ఆయనకు జీతం లేదు, అచ్చయిన వార్తకి ఇంత అని వచ్చేది. నాకూ అంతే.

ఆ వర్షాకాలంలో పత్రిక నుంచి మా ఇద్దరికీ ఒకటే కబురు వచ్చింది. ఊళ్ళో గది తీసుకుని, ఇక్కడ కొడితే కలకత్తాలో అక్షరాలు పడే టెలిప్రింటర్ పెడతారు. ఇద్దరిలో ఒకరిని విలేకరిగా స్టాఫ్‌లోకి తీసుకుంటారు. చలికాలం దాకా ఎవరి పని ఎలా ఉందో చూసి నిర్ణయిస్తారు. స్టాఫ్ అంటే నెల జీతం, సెలవులు, జబ్బు చేస్తే మందుల ఖర్చు. మా నాన్న ఊరి స్టేషను టాటానగర్‌లో రైల్వే ఫిట్టర్. ఈ మూడూ లేనిదాన్ని ఆయన ఉద్యోగం అనేవాడు కాదు.

మిషను వచ్చేదాకా వార్తలు రైల్లోనే వెళ్ళాలి. మధ్యాహ్నం బండి రాత్రికి హౌరా చేరేది. అక్కడ స్టేషన్‌లో పత్రికల వాళ్ళ కోసం గోడకు ఒక చెక్కపెట్టె ఉండేది. బండిలో వెళ్ళేవాళ్ళ చేతికి కవరిస్తే అందులో వేసేవారు. ఆఫీసు మనిషి వచ్చి తీసుకుపోయేవాడు. తెల్లారి పేపర్లో వార్త ఉండేది. దాదా తన కవరు గార్డుకిచ్చేవాడు. నాది మా మావయ్యకి. అమ్మకు తమ్ముడు, ఆ బండిలో టికెట్లు చూసేవాడు. వారానికి మూడు రోజులే ఆయనకు ఆ బండి. మిగతా రోజుల్లో వేరేవాళ్ళ చేతికివ్వడం ఇష్టంలేక నేను వార్తను దాచుకునేవాణ్ణి.

తేడా మొదట జుగ్సలాయి బజారులో ఒక లారీతో బయటపడింది. గోదాముల సందులో ఇనుప రేకుల లారీ ఇరుక్కుని బజారంతా ఆగిపోయింది. దాదా రెండు పేరాలు రాశాడు. నేను సందు వెడల్పు, లారీ వెడల్పు టేపుతో కొలిచి, అలాంటి బండి అసలు అక్కడికి ఎలా రాగలిగిందో రాశాను. ఇద్దరం ఒకే బండికి కవర్లిచ్చాం. తెల్లారి దాదా రెండు పేరాలూ అచ్చయ్యాయి. నాది ఆ రోజూ లేదు, ఆ తరవాతా లేదు. ఆ తరవాత వార్తలదీ అదే దారి. ఒకటీ అరా వచ్చినా ఒక రోజు ఆలస్యంగా, లోపలి పేజీలో, తోక తెగి.

దీపం వెలగకపోతే మీటర్ దగ్గర్నుంచి ఒక్కొక్క జాయింటూ చూసుకుంటూ రమ్మని పాలిటెక్నిక్‌లో చెప్పారు. నేనూ అలాగే చూశాను. కవరు అంటించడంలో లోపం లేదు. అడ్రసు సరిగ్గానే ఉంది. హౌరా పెట్టెలో లోపముంటే దాదా కవరూ అందకూడదు. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్ళకు నా ఇంగ్లీషు నచ్చకపోతే ఒక్కటీ రాకూడదు. మిగిలింది ప్లాట్‌ఫారం. ప్లాట్‌ఫారం మీద ఉండేది దాదా. మావయ్యను చూడాల్సిన జాయింట్ల లెక్కలోనే వేయలేదు, మావయ్య కనక.

ఆ తరవాత దాదా చేసే ప్రతి పనీ నాకు వేరేగా కనబడింది. "ఏం ఇంజినీర్ బాబూ, ఇవాళేం పంపుతున్నావు?" అని హిందీలో నవ్వుతూ అడిగేవాడు. ఎందుకడుగుతున్నాడు? "గార్డు మనవాడే, నీదీ ఇవ్వు, రెండూ కలిపి ఇచ్చేస్తాను" అనేవాడు. ఎందుకు కలపాలి? నేను ఇవ్వనంటే మావయ్య ఉన్న బోగీలోకి వంగి చూసి వెళ్ళిపోయేవాడు. గార్డుతో చాలాసేపు గుసగుసలాడేవాడు. మావయ్యతోనూ మాట కలిపేవాడు.

ఒకరోజు బండి కదిలే ముందు మావయ్యను పక్కకు పిలిచి, కవరు దారిలో ఎవరైనా తీస్తున్నారేమోనని అనుమానంగా ఉందని చెప్పాను.

"ఆ బెంగాలీ ముసిలోడా?" అన్నాడు మావయ్య. "నాకాడ ఆడి ఆటలు సాగవురా అల్లుడూ. నీ కవరు ఈ పేనం ఉన్నంతకాలం ఎవుడి సేతికీ పోదు."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. వార్తల సంగతి మాత్రం ఇంకా చెడింది. అంతకుముందు ఒకటీ అరా వచ్చేవి కూడా రాలేదు. దాదా మరింత తెలివిగా చేస్తున్నాడనుకున్నాను.

దసరా దాటాక ఒక ఆదివారం మావయ్య భోజనానికి వచ్చాడు. అమ్మ ఎండుచేపల పులుసు చేసింది. మావయ్య రెండోసారి అన్నం కలుపుకుంటూ, "మీ పెద్దసారు మొన్న నాకు టీ ఇప్పించాడ్రా" అన్నాడు.

"ఏ పెద్దసారు?"

"ఏటి, ఏ పెద్దసారంటే? కలకత్తాలో మీ పేపరు సారే."

"నువ్వు ఆఫీసుకెందుకెళ్ళావు మావయ్యా? కవరు పెట్టెలో వెయ్యాలి కదా."

"ఆ పెట్టికి తాళం నేదు, ఏటీ నేదు. దార్న పోయినోడు సెయ్యెట్టినా అడిగే దిక్కునేదు. అందులో నాను ఒక్కనాడూ ఎయ్యనేదు. నైటు రెస్టు రూములో తలగడ కింద ఎట్టుకుంటాను. తెల్లారి తానం సేసి, ట్రామెక్కి ఎల్లి, ఆఫీసులో ఇచ్చి వత్తన్నాను. నువ్వు డౌటని సెప్పిన కాణ్నించి గుమస్తాకీ ఇయ్యటం మానీసినాను. పెద్దసారు మద్దేనం దాకా రాడు. అందాకా బెంచీ మీద కూకుని, ఆయన సేతిలోనే ఎడతన్నాను. మా మేనల్లుడు సార్, బుద్ధిమంతుడని కూడా సెప్పినాను, హిందీలో."

మా చెల్లి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "అరే మామా, తబ్ తక్ తో అఖ్బార్ ఛప్ చుకా హోతా హై!" అంది. అప్పటికి పేపరు అచ్చయిపోతుంది కదా మామా అని.

"అచ్చయితే ఏటే? రేపు మల్లీ పేపరు రాదేటి?" అన్నాడు మావయ్య. "లేటయితే పరవానేదు, పోకూడదు. ఒక్క పార్సిలు పోతే ఎన్ని ఎంక్వైరీలో మీ నాన్ననడుగు."

నాన్న తల ఊపాడు. "ఆడు సెప్పింది నిజవే. లేటవడానికి ఎంక్వైరీ ఏటి? రైల్వేలో లేటవనిదేటుంది?"

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పేపరు వార్త పార్సిలు కాదని, పూట దాటితే చచ్చినదానితో సమానమని చెప్పాను. ఇక మీదట పెట్టెలోనే వెయ్యమన్నాను. మావయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో, "ఎవుడో తీత్తన్నాడన్నావు. ఆ ఎవుడో నానేనన్నమాట" అని చెప్పులేసుకున్నాడు.

ఆ తరవాత ఆయన నా కవరు తీసుకోలేదు. నేను గార్డుకివ్వడం మొదలుపెట్టాను. వార్తలు మర్నాడే అచ్చవసాగాయి. కానీ అప్పటికే చలి మొదలైంది.

కలకత్తా ఆఫీసు నుంచి, పెద్దసారు కాదు, ఇంకొకాయన వచ్చాడు. జుగ్సలాయిలో ఒక గోదాము మీద తీసుకున్న కొత్త గదిలో నన్ను కూర్చోబెట్టి, అన్ని నెలలు వార్తలెందుకు ఆలస్యమయ్యాయని అడిగాడు. జరిగింది జరిగినట్టు వరసగా చెప్పాను. పెట్టె, తలగడ, ట్రాము, బెంచీ, ఏదీ వదల్లేదు.

"ఆ నల్లకోటు మనిషి నీకు మేనమామా?" అన్నాడాయన. "కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, అడిగితే ఇవ్వడు, వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటాడు. నువ్వు మా మీద నిఘా పెట్టావని డెస్కులో అనుకున్నారు."

"కాదు సార్."

"కథ బాగుంది" అన్నాడు. నమ్మలేదని నాకు అర్థమైంది. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

పోస్టు దాదాకి ఇచ్చారు.

వారం తిరక్కుండా దాదా మా క్వార్టరుకి వచ్చాడు. అమ్మ ఇచ్చిన టీ ఊదుకుని తాగుతూ, మిషను దిగిందని, దానికి ఆపరేటర్ కావాలని చెప్పాడు. "కీలు చూస్తే నాకు వేళ్ళు ఆడవు. కలకత్తా నుంచి ఎవడినో పంపుతామన్నారు. ఎవడో ఎందుకు, డిప్లొమా కుర్రాడు ఊళ్ళోనే ఉన్నాడన్నాను. అదీ స్టాఫే, ఇంజినీర్ బాబూ."

"నేనే ఎందుకు?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పెట్టెలో నీ కవరు ఎప్పుడూ ఉండదని ఆఫీసు మనిషి చెప్పాడు. నీకు ఎడిటర్ దగ్గరికి వేరే దారి ఉందనుకున్నాను. రోజూ ఏం పంపుతున్నావని ఎందుకడిగానో తెలుసా? నాకు నిద్ర పట్టేది కాదు. నువ్వు నా కళ్ళముందుంటే నాకు మంచిది."

తమాషాకన్నాడో నిజంగా అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు. ఆయన వెళ్ళాక నాన్న అడిగినవి మూడే: జీతం, సెలవులు, మందులు. మూడూ ఉన్నాయన్నాను. "మరింకేటి ఆలోసన?" అన్నాడు.

మొదటి రోజు దాదా చేత్తో రాసిన రెండు కాగితాలు నా పక్కన పెట్టాడు. "నేను రాసింది రాసినట్టే కొట్టు" అన్నాడు. నేను కొడుతుంటే కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా ప్రతి వరసా వేలితో చూసుకున్నాడు. చివరి వరస వెళ్ళాక, "నీదేమైనా ఉందా?" అని అడిగాడు.

లేదన్నాను. పర్సుడీహ్ బజారులో కరెంటు తీగల గురించి రాసింది చొక్కా జేబులో ఉంది. ఆయన టీకి కిందికి దిగాక పంపుదామనుకున్నాను. ఆ రోజు ఆయన టీకి దిగలేదు.