ఎనిమిది గట్టి స్ప్రింగులు

2001లో అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటే. వాటి మధ్య, ఒక మేడ మెట్ల కింద నా కీబోర్డుల రిపేరు దుకాణం. ఆ రోజుల్లో చాలా కీబోర్డుల్లో లోపల రబ్బరు పొరే ఉండేది. ఆఫీసులు పారేసిన పాత మెకానికల్ కీబోర్డుల్లో మాత్రం ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్, దానిలో ఒక స్ప్రింగు. వాటిని బాగుచేయడంలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు.

పద్మావతి గారు ఒకరోజు ఉదయం వచ్చారు. తెనాలి దగ్గర ఇరవై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. కంప్యూటర్లొచ్చి ఆ టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడితే యూసుఫ్‌గూడలో గది తీసుకుని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకున్నారు. డాక్టర్లు చెప్పింది చెవిలో వింటూ టైపు చేయడమే ఆ పని. వారంలో ఒక కంపెనీలో ఉద్యోగానికి స్పీడ్ టెస్టు. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

"గట్టిగా నొక్కలేనండి. తేలిగ్గా దిగే కీబోర్డు చేసిపెట్టగలరా? మనది మనం తెచ్చుకోవచ్చన్నారు," అన్నారు.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. ఊదితే దిగేటట్టు చేస్త," అన్నాను.

నా దగ్గరున్న ఒక పాత మెకానికల్ కీబోర్డు తీసుకుని, ఒక్కో స్విచ్ సోల్డర్ కరిగించి, ఊడదీసి, స్ప్రింగు తీసి, మరో పాత బోర్డులోని మెత్తటి స్ప్రింగు పెట్టాను. కీ మీద వాషర్లు పేర్చి, ఎన్నింటికి దిగుతుందో చూసి అన్నీ సమానం చేశాను. చూపుడు వేలితో ఒక్కొక్కటే నొక్కి పరీక్షించాను. పని ముగిసేసరికి టెస్టు రోజు రానే వచ్చింది. ఆవిడ కౌంటరు దగ్గర నిలబడే నాలుగు మాటలు కొట్టి, "వెన్నలా ఉందండీ" అని ఆటో ఎక్కారు.

నాలుగు రోజుల తర్వాత కీబోర్డు తిరిగి తెచ్చారు.

"ఎవరికైనా పనికొస్తుంది, ఉంచండి. టెస్టు పోగొట్టుకున్నాను. మధ్యమధ్యలో అక్షరాలు వాటంతటవే పడిపోయాయి. వేళ్ళు వణికాయనుకుంటా. ఇక నా వల్ల కాదండి."

"గట్లెట్ల పడ్తయమ్మా? జర కూసోని కొట్టి చూపెట్టుండ్రి."

కూర్చోబెట్టి, కీబోర్డు నా కంప్యూటరుకు తగిలించి, పేపరు చదువుతూ ఆవిడ చేత టైపు చేయించాను. మాట మాటకీ ఆగినప్పుడు ఆవిడ ఎనిమిది వేళ్ళూ మధ్య వరసలో వాటి వాటి కీల మీద వాలుతున్నాయి. టైపు మిషన్ మీద పాఠం మొదలయ్యేదే అలా. నా మెత్తటి స్ప్రింగులు ఆ కాస్త బరువుకే దిగిపోయి, తెర మీద అక్షరాలు వరసగా పరుచుకున్నాయి. ఒంటివేలి రిపేరువాణ్ణి కదా, పది వేళ్ళ మనిషి ఎక్కడ విశ్రమిస్తుందో నాకు తట్టనే లేదు.

మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అనే ఉద్దేశమూ లేదు. ఒక క్షణం నిజంగానే ఊరుకుందామనిపించింది. ఆ క్షణం తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

"మీ వేళ్ళు వణకలే అమ్మా. తప్పు నాది. మీరు కొడ్తుంటే చూడకుండనే చేసిన," అన్నాను.

ఆవిడ తన చేతుల వంక చూసుకున్నారు. "నాలుగు రోజుల నుంచి వీటిని తిట్టిపోస్తున్నానండి. ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన వాటిని," అన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

మధ్య వరసలో ఆ ఎనిమిది కీలకు గట్టి స్ప్రింగులు పెట్టాను, వేళ్ళు వాలినా దిగనంత. మిగతావన్నీ మెత్తగానే ఉంచాను. ఈసారి ఆవిడ కూర్చుని గంటసేపు కొట్టి చూశాకే మూత బిగించాను. మొదటి కంపెనీ ఇంకో అవకాశం ఇవ్వలేదు. ఇల్లు దగ్గర, పగటి డ్యూటీ, అన్నీ కుదిరిన ఉద్యోగం అది. నా వల్లే పోయింది. మూడు నెలలకు ఊరికి ఆ చివరన ఇంకో చోట, రెండు బస్సులు మారి వెళ్ళే ఉద్యోగం దొరికింది.

అప్పటి నుంచి ఎవరు కీబోర్డు తెచ్చినా ముందు వాళ్ళను కూర్చోబెట్టి చేతులు చూస్తాను, తర్వాతే స్క్రూ విప్పుతాను. కానీ ఆవిడ నేర్పింది అదొక్కటే కాదు. చేసిన వస్తువు సరిగా లేకపోతే మనతో పోట్లాడేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళి తమ చేతుల్నే తిట్టుకుంటారు, మనం నోరు విప్పి చెప్పేదాకా.