బస్సు ముందు ఆడిన కబడ్డీ

మా చిన్నప్పుడు కోరుట్లలో నన్ను చాపత్తా, అంటే టీ పొడి తెమ్మని పంపితే గంటకు గానీ ఇల్లు చేరేదాన్ని కాదు... మా వాడకంతా ఒక్కటే కిరాణా దుకాణం, రాజన్న మామది. ఆయన బియ్యం బస్తాల పైన చిన్న టీవీ పెట్టుకుని పొద్దంతా ఏదో ఒక ఆట చూసేవాడు. నేను పొట్లం చేతిలో పట్టుకుని, ఈ ఓవర్ అయిపోనీ, ఇంకో ఓవర్ అయిపోనీ అనుకుంటూ మెట్టు మీదే నిలబడేదాన్ని.

"ఏం బిడ్డా, చాపత్తకచ్చినవా, మ్యాచ్‌కచ్చినవా?" అని నవ్వేవాడు. ఇంట్లో అమ్మ మాత్రం నవ్వేది కాదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే తిట్లు మొదలుపెట్టేది.

ఆ చాటంటే నాకు భయం... మా వాడలో పదో తరగతి అయిన ఆడపిల్ల ఎవరైనా సరే, వచ్చి దాని ముందు కూర్చోవాల్సిందే. ఆకు కత్తిరించీ కత్తిరించీ అమ్మ వేళ్లు కాయలు కాశాయి. బట్టలకు, జడలకు, ఆఖరికి అన్నం ముద్దకు కూడా తంబాకు వాసనే.

నాకు కబడ్డీ వచ్చు. ఊరికే రావడం కాదు... కూతకు పోతే ఎవరో ఒకరిని ముట్టకుండా తిరిగొచ్చేదాన్ని కాదు. కరీంనగర్‌లో జిల్లా సెలక్షన్లు ఉన్నాయని, అక్కడ పేరొస్తే హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సీటు వస్తుందని, చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారని మా ఆటల సారు చెప్పాడు. మరుసటేడుకు నా వయసు దాటిపోతుంది. ఉంటే ఈసారే.

అమ్మ ఒక్కటే మాట అన్నది. "సీటస్తె పో. రాకుంటె సప్పుడు జెయ్యక చాట పట్టాలె."

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. నేనూ ర్యాలీల్లో గొంతు చించుకుని జై తెలంగాణ అన్నదాన్నే. కాబట్టి కామెంట్లలో నా మీద కయ్యానికి రాకండి, ముందే చెబుతున్నా.

సెలక్షన్ల రోజే రాస్తారోకో పెట్టారు. "పొద్దుగాల తొలి బస్సుకు పోతె ఆళ్లు రోడ్డెక్కకముందే దాటుతం" అని సారు ధైర్యం చెప్పాడు. మా బడి కబడ్డీ పిల్లలందరం ఎక్కిన ఆ బస్సేమో ఆలస్యంగా కదిలింది... ఊరి చివర దాకా వెళ్లి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, జెండాలు, జనం. పక్కనే వంటావార్పు. పెద్ద గంజులో అన్నం కలుపుతున్నది ఎవరనుకున్నారు? మా రాజన్న మామే!

నాకు ప్రాణం లేచొచ్చింది. మనోడే కదా, వదులుతాడనుకున్నా.

సారు దిగి చేతులు జోడించాడు. "రాజన్నా, పిల్లల సెలక్షన్ ఉన్నదే. ఈ ఒక్క బస్సు ఇడువు."

"ఒక్కటి ఇడిస్తె అన్ని ఇడువాలె సారూ. ఇయ్యాల గాకపోతె రేపు ఆడుతరు. తెలంగాణ అచ్చినంక సీట్లన్ని మన పిల్లలయే గద!" అన్నాడు రాజన్న మామ. జనం చప్పట్లు కొట్టారు.

ఆ రోజుల్లో రోడ్డు మీద వండుకుని తినడమే కాదు, రోడ్డు మీద ఆటలాడటం కూడా నిరసనే. గుంపులో ఎవరో అరిచారు. "కబడ్డీ పిల్లలా? అయితె గీన్నే ఆడమనుండ్రి. పేపరోళ్లు గూడ అచ్చిండ్రు."

నేను రాజన్న మామ దగ్గరికి వెళ్లి అడిగాను. "ఆడితె బస్సు ఇడుస్తరా మామా?"

"ముందుగాల్ల నువ్వు ఆడు బిడ్డా" అని తల నిమిరాడు.

నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నా... పిచ్చిదాన్ని.

ఇటుక ముక్కతో తారు రోడ్డు మీద గీతలు గీసి, మమ్మల్నే రెండు జట్లుగా విడగొట్టారు. నా దోస్తు రజియా అవతలి జట్టులో పడింది. "మంచిగ ఆడుదామే, అప్పుడే ఇడుస్తరు" అని నా చెవిలో చెప్పింది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. రజియా కాలు పట్టుకుని లాగితే మోకాలు తారుకు గీసుకుపోయింది. అయినా పాకుతూ వెళ్లి గీత ముట్టాను. జనం ఈలలు, కేకలు... నేను మాత్రం కూత కూతకూ బస్సు వైపే చూస్తున్నాను.

ఆట అయ్యాక అందరినీ కూర్చోబెట్టి విస్తరాకులు వేశారు. "మస్తు ఆడినవ్ బిడ్డా, ఇంకింత పెట్టుకో" అని రాజన్న మామ పప్పు పోశాడు. తల తిప్పి చూస్తే బస్సు లేదు. డ్రైవర్ ఎప్పుడో వెనక్కి తిప్పుకుని పోయాడు. సారు మాత్రం రోడ్డు పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను, ఆకలేసింది మరి... ఏడుస్తూనే తిన్నాను.

మర్నాడు పేపర్లో నా ఫొటో పడింది. కింద, కబడ్డీ ఆడి నిరసన తెలిపిన విద్యార్థినులు అని రాశారు. నిరసనట! నేను బతిమాలుకున్నాను నాయనా... బస్సు వదలండి అని కాళ్లతో, చేతులతో, ఊపిరి ఆగేదాకా బతిమాలుకున్నాను.

పదో తరగతి అయింది. చాట పట్టాను.

తెలంగాణ వచ్చిన రోజు వాడంతా పటాకులు. రాజన్న మామ ఇంటింటికీ మిఠాయి పంచుతూ మా గడపలోకీ వచ్చాడు. నా చేతుల నిండా తంబాకు ఉందని తనే లడ్డూ తుంచి నోట్లో పెట్టాడు. ఆయన కళ్లల్లో నీళ్లు... "గెలిచినం బిడ్డా, మనం గెలిచినం" అన్నాడు. పాపం, నిజంగా నా కోసం కూడా సంతోషపడుతున్నాడు. ఆ బస్సు సంగతి ఆయనకు గుర్తే లేదు.

ఆయన్ని ఏమని తిట్టను? నమిలి మింగాను.

ఇప్పుడు ఆడపిల్లలు టీవీలో కబడ్డీ ఆడుతుంటే నేను చానల్ మారుస్తాను. ఎందుకని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పాను...

ఉద్యమంలో ముందు నడిచినవాళ్ల కథలు ఏటా వింటూనే ఉన్నాం. ఆ రోడ్డు మీద మీదేమైనా ఆగిపోయిందా? పరీక్షో, పెళ్లిచూపులో, ఆసుపత్రికి పోయే బండో... ఆగిపోయి, మళ్లీ ఎన్నడూ కదలనిది? రాయండి. నేను ఒక్కొక్కటీ చదువుతాను.