లూపు దాటేసిన పేరు

మా ప్రొద్దుటూరులో ఆడవాళ్లు పట్టుచీరకు ఒంటరిగా పోరు. అక్కనో, ఆడబిడ్డనో వెంటబెట్టుకుంటారు. అంగట్లో ఒకామె ఫోన్ నంబరు రాయిస్తే, వెనకాలే రెండో ఆమె కూడా రాయిస్తుంది. నా భార్య ఎప్పుడూ జమ్మలమడుగు నుంచి వాళ్లక్కను పిలిపించుకునేది. కరోనాలో ఇద్దరూ వారం తేడాతో పోయారు.

వాళ్లు పోయే చీరల అంగడికి పండగ మెసేజులు పంపే ప్రోగ్రాము నాదే. పోయినవాళ్ల నంబర్లు తీసేయమని అంగడి శెట్టి గుర్తులు పెట్టి ఇచ్చాడు. లిస్టును పైనుంచి చదువుతూ, గుర్తున్న పేరును అక్కడికక్కడే తీసేసేలా రాసి పారేశాను.

ఉగాదికి నా భార్య ఫోను మోగింది. ఆమె పోయాక కూడా దాన్ని నేను ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. ‘మేడమ్, కొత్త చీరలొచ్చాయి, తప్పక రండి.’

ఎక్కడో తప్పు జరిగిందని ఆ క్షణమే తెలిసింది. వెతకలేదు. మా ఇంట్లో ఆమెను ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయింది! ఆ మెసేజును పదిసార్లు చదువుకున్నాను. దసరాకు మళ్లీ వస్తుందని ఎదురుచూశాను కూడా. వచ్చింది.

మర్నాడు శెట్టి రమ్మని కబురు పెట్టాడు. అంగట్లో పులివెందుల నుంచి వచ్చిన ఒకాయన గొంతు చించుకుంటున్నాడు.

“సచ్చిపోయినామెను చీరలకు రమ్మంటారా? నా బిడ్డ ఆ మెసేజు సూసి నిన్నట్నుంచి ఏడుస్తాండాది. సిగ్గుండాల!”

శెట్టి నా వైపు తిరిగాడు. “యాడ తప్పినావప్పా?”

సిగ్గుతో చచ్చాను. ఆయన తిట్టాల్సింది నన్నే.

తప్పు పసిపిల్లలు చేసేది. వరుసలో ఒకరిని తీసేస్తే వెనకవాళ్లు ఆ చోటుకు జరుగుతారు. ఒక్కో చోటే చదువుకుంటూ పోయే లూపు మాత్రం తర్వాతి చోటుకు పోతుంది. జరిగి వచ్చినవాళ్లను చూడనే చూడదు. వదినను తీసేసి, ఆమె చోటుకు జరిగిన నా భార్యను దాటేసింది. జంటగా రాయించుకుని జంటగా పోయినవాళ్లలో రెండో ఆమె ప్రతిసారీ మిగిలిపోయింది. ఇరవయ్యేళ్ల అనుభవమట, మన్నంగట్టి!

పాత లిస్టును ముట్టుకోకుండా, బతికున్నవాళ్లను మాత్రం కొత్త లిస్టులోకి ఎత్తి రాశాను. అందులో నా నంబరుంది. ఆమెది లేదు.

“ఇంగ ఎవురికీ పోదు గదా?” అన్నాడు శెట్టి.

“పోదన్నా.”

దీపావళినాడు పొద్దున్నే ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా చూశాను. మోగలేదు. ఈసారి ప్రోగ్రాము సరిగ్గానే రాశాను.