దూరం కొట్టే తుపాకీ

నా చిన్నప్పుడు, మా ఊరి చేలన్నీ ఇంకా చేపల చెరువులుగా మారని రోజుల్లో, మా చిన్న మావయ్యకి తుపాకీ పిచ్చి పట్టుకుంది. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. నేను పెరిగిందంతా అక్కడే, అమ్మమ్మగారింట్లో. రెండో పంటకి, అంటే దాళ్వా నాట్ల కోసం, చేలకి నీళ్ళు పెట్టారంటే చాలు, సాయంత్రమయ్యేసరికి పరజలు గుంపులుగా వచ్చి వాలేవి. అడవి బాతుల్ని మా వైపు అలాగే అంటారు. మావయ్య వడిసెల పట్టుకుని గట్టెక్కేలోపే అవి లేచిపోయేవి. ఉత్త చేతులతో ఇంటికొచ్చి, దూరం కొట్టే తుపాకీ ఉంటేనా అని అన్నం తింటున్నంతసేపూ సణిగేవాడు.

నాకూ ఒక పరజ ఉండేది. అంతకు ముందు ఏడు వానాకాలంలో గడ్డి కోస్తుంటే గట్టు మీద గుడ్లు దొరికాయి. అమ్మమ్మ వాటిని పొదుగుతున్న కోడిపెట్ట కింద పెడితే ఒక్కటే పిల్లయింది. ఆ పెట్టకి దాన్ని చూస్తే చిరాకు, నాకేమో ప్రాణం. సత్తుగిన్నె మీద వేళ్ళతో కొడితే చాలు, పెరట్లో ఎక్కడున్నా ఈల వేసినట్టు కూస్తూ పరిగెత్తుకొచ్చేది. చిన్నప్పుడు అమ్మమ్మ దాని రెక్కల ఈకలు కత్తిరించేది. తర్వాత మళ్ళీ మొలిచినా అది దడి దాటి ఎటూ వెళ్ళలేదు.

చివరికి తుపాకీ కొనడానికి రాజమండ్రి ప్రయాణం కట్టాడు మావయ్య. "నీ కళ్ళు చురుకే అమ్మడూ, నువ్వూ చూసి చెప్పాలి" అని నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఇంట్లో అంతమంది ఉండగా నన్నే రమ్మన్నాడని నా కాళ్ళు నేల మీద ఆనలేదు. బస్సు కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కాక కూడా ఆ గర్వం దిగలేదు.

కొట్టు గోదావరి గట్టుకి దగ్గర్లోనే ఉంది. కొట్టాయన ముందు ఒక రైఫిల్ తీశాడు. పొడుగు గొట్టం, మీద చిన్న దుర్భిణి. నేను సరదా పడుతుంటే ఆ దుర్భిణి ఊడదీసి చేతికిచ్చాడు. మెట్ల మీద నిలబడి చూశాను. నది మధ్య పడవ మీద కూర్చున్న కొంగ వచ్చి నా ముక్కు మీదే వాలినట్టు కనిపించింది. ఇదే కొనమని మావయ్య చొక్కా పట్టుకుని లాగాను. పిట్టల్ని ఇంత దగ్గరగా చూడొచ్చని నా ఆశ.

"దూరం కొట్టాలంటే ఇదేనండి. గొట్టం పొడుగు, గుండు వంకర పోదు. బరువుంటది కాబట్టి చెయ్యి ఊగదు. లైసెన్సు మాత్రం ఉండాలండి" అన్నాడు కొట్టాయన.

లైసెన్సు మాటెత్తితే తాతయ్య ఇంట్లోంచి గెంటేస్తాడని మావయ్యకి తెలుసు. మొహం వేలాడేసుకుని పక్కనున్న ఎయిర్ గన్ వైపు చూశాడు.

"దీనికి ఏ కాగితమూ అక్కర్లేదండి. కాకపోతే దూరం ఆనదు. పిట్టే మీ దగ్గరికి రావాలి" అని నవ్వాడాయన.

మావయ్య కూడా నవ్వి ఆ ఎయిర్ గన్నే కొన్నాడు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "నీ పరజ చేలో ఉన్నా నువ్వు గిన్నె కొడితే పలుకుద్దా?" అని అడిగాడు. ఎక్కడున్నా పలుకుతుందని గొప్పగా చెప్పాను.

మర్నాడు సాయంత్రం నా పక్కన చతికిలబడి, ఎంతో జాలిగా మాట్లాడాడు. "పాపం, అది ఒంటరిదై పోయిందే. దాని వాళ్ళందరూ చేలో దిగుతున్నారు. ఒక్కసారి చూపించి తెచ్చేద్దామా?" నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మావయ్య ఎవరికుంటాడు అనుకుని, పరజని నేనే బుట్టలో పెట్టుకుని మోసుకెళ్ళాను.

నీళ్ళల్లో చిన్న మేకు పాతి దాని కాలికి పురికొస కట్టాడు. వాళ్ళతో ఎగిరిపోతే నువ్వు ఏడుస్తావుగా అన్నాడు. నన్ను గట్టు వెనక కూర్చోబెట్టి గిన్నె కొట్టమన్నాడు. నేను కొట్టాను. అది కూసింది. పైన తిరుగుతున్న గుంపు ఆ కూత విని వంగింది, ఇంకో చుట్టు తిరిగింది, కాళ్ళు చాపి దాని చుట్టూ దిగింది. నా పిల్లకి చుట్టాలొచ్చారని చప్పట్లు కొట్టబోయాను. వెనక గడ్డిమేటు చాటు నుంచి టప్పుమని శబ్దం వచ్చింది. తర్వాత ఇంకోటి.

నా పరజకి ఏమీ కాలేదు. దాని పక్కన వాలినవే నీళ్ళల్లో కొట్టుకుంటున్నాయి. మావయ్య వాటిని ఏరుకుంటూ, "దీన్ని దీమం అంటారే. పెంచిన పిట్టని ఎర పెట్టి గుంపుని దించడం. నీ పిట్ట బంగారం!" అని నా బుగ్గ గిల్లాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అందరూ కూర బాగుందని లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను మజ్జిగన్నం కూడా ముట్టలేదు. పొద్దున్న గిన్నె శబ్దం చెయ్యకుండానే వెళ్ళి తవుడు పెట్టాను. అయినా అది నన్ను చూసి ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చింది.

మళ్ళీ ఇవ్వనని గట్టిగా చెప్పాను. "మావయ్యేగా అడిగాడు, ఏం కొరుక్కుతింటాడా?" అంది అమ్మమ్మ. నేను బడి నుంచి వచ్చేసరికి బుట్ట లేదు, గిన్నె లేదు. పొద్దుగూకాక మావయ్య ఒక్కడే వచ్చాడు. కొస తెంపుకుని గుంపుతో ఎగిరిపోయిందన్నాడు. ఆ రోజు వేటేమీ పడలేదని తుపాకీ మూల పెట్టేశాడు.

నిజంగానే ఎగిరిపోయి ఉండొచ్చు. రెక్కలు మొలిచే ఉన్నాయిగా. అదే మాట వారం ముందు చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, తర్వాత ఆకాశంలోకి చూసి సంబరపడేదాన్ని కూడా. దాని వాళ్ళకి చూపించి తెద్దామని మావయ్య ఆడిన అబద్ధం నాకు ఆ సంబరం లేకుండా చేసింది. ఇప్పుడు ఆయనకి పళ్ళు ఊడిపోయాయి. "ఒట్టే అమ్మడూ, ఎగిరే పోయింది" అని ఈనాటికీ అంటాడు. ఊఁ అంటాను. ఎవరైనా నన్ను మరీ ముద్దుగా దగ్గరికి పిలిస్తే మాత్రం, వెళ్ళే ముందు ఒకసారి గడ్డిమేటు వైపు చూస్తాను.