తీగలాయన, తోడల్లుడు, ఒక గ్లౌజు

తనకు అసూయ ఉందంటే తీగలాయన ఒప్పుకోడు. పనిలో పట్టింపు అంటాడు. మనం మాత్రం అసూయ అనే అందాం. ఆ మూడు నెలలు ఆయన ముఖం చూసినవాళ్లెవరూ దానికి ఇంకో పేరు పెట్టలేరు.

సైకిళ్ల షాపు పైన రెండు గదుల వర్క్‌షాపు ఆయనది, అంటే ఆయన పనిచేసేది. వేళ్లు స్వాధీనం తప్పినవాళ్ల కోసం అక్కడ మోటారు గ్లౌజులు తయారుచేస్తారు. మణికట్టు మీద అగ్గిపెట్టెంత మోటారు, ప్రతి వేలికీ రెండేసి సన్నటి తీగలు. మోటారు ఒకవైపు తిరిగితే వేళ్లు విచ్చుకోవాలి, రెండోవైపు తిరిగితే ముడుచుకోవాలి. కాలిపోయిన ఫ్యాన్లకు తీగ చుట్టుకుంటూ బతుకు మొదలుపెట్టిన మనిషికి ఈ పనిలో పదకొండేళ్లు నిండాయి. కొత్తగా చేరినవాళ్లకు ఆయన మొదటిరోజే చెప్పే మాట గోడ మీద ఆయన చేతిరాతలోనే ఉంటుంది: ‘మన చెయ్యి అబద్ధం చెబుతుంది.’ గ్లౌజును బాగున్న చేతికి తొడిగి పరీక్షించకూడదని దాని అర్థం. తీగ లాగీ లాగకముందే మన వేళ్లు కదిలిపోతాయి, పనంతా గ్లౌజే చేసిందని మనం మురిసిపోతాం.

రెండేళ్ల కిందట ఆయన అత్తగారికి పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది. చెయ్యి తలదాకా లేస్తుంది. కుడిచేతి పిడికిలి మాత్రం బిగుసుకుపోయింది. ఆవిడ కోరిక చిన్నదే. తన జుట్టు తనే ముడి వేసుకోవాలి. కుడిచెయ్యి కాసేపు పట్టుకుంటే చాలు, మెలితిప్పడం ఎడమచెయ్యి చూసుకుంటుంది. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే తీగలాయన భార్య నాలుగు వీధులు నడిచివెళ్లి తల్లికి తల దువ్వి వస్తోంది. అత్తగారికి గ్లౌజు చేసిస్తానని ఈయన మాట ఇచ్చాడు, చేశాడు కూడా. కానీ ఆ పిడికిలికి దాన్ని తొడగడానికే అరగంట పట్టేది. పాపం ఆవిడ పళ్లబిగువున ఓర్చుకునేది.

బట్టపని తెలిసినవాడు కావాలని వర్క్‌షాపు యజమానురాలు అన్నప్పుడు, తోడల్లుణ్ణి తీసుకొచ్చింది తీగలాయనే. తోడల్లుడు టైలరు. చెప్పింది చెప్పినట్టు కుడతాడు, తలనొప్పి లేని మనిషి అని సిఫారసు కూడా చేశాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

టైలరు రెండు రోజులు గ్లౌజును అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడోరోజు కత్తెర తీసి అరచేతి వైపు బట్టంతా కోసేశాడు.

“చేతిని గ్లౌజులోకి తోయడమెందుకు అన్నయ్యా? గ్లౌజునే పైనుంచి పరిచి పట్టీలు వేస్తే పోలా?” అన్నాడు.

అరగంట పని రెండు నిమిషాలకు దిగింది. ఇక ఆ పిడికిలి విచ్చుకునేలా మోటారూ తీగలూ సరిచెయ్యడమే మిగిలింది. ఏకులా వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. ఏ సందేహం వచ్చినా టైలరుగారిని అడగండనేది యజమానురాలు. టీ మొదటి గ్లాసు టైలరు బల్లకే వెళుతోందని తీగలాయన కనిపెట్టాడు. ఆ బల్ల తలుపు పక్కనే ఉందన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. ఇంటికొస్తే, మా మరిదిది ఎంత మంచి బుర్రో అని భార్య. పుండు మీద కారం చల్లడానికి వేరే ఎవరో రానక్కర్లేదు.

దాంతో ఆయన పంతానికి పోయాడు. టైలరు చెయ్యి పడని గ్లౌజు ఒకటి చెయ్యాలి, అత్తగారు దాంతోనే ముడి వేసుకోవాలి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక తలుపు వేసుకుని పని సాగించాడు. మోటారు మార్చాడు, తీగలు మార్చాడు, కుట్టు కూడా వంకరటింకరగా తనే కుట్టాడు. దాన్ని అలవాటుగా వచ్చే రోగుల చేతికి పెట్టి చూద్దామంటే టైలరు కళ్లపడుతుంది. అందుకని తన చేతికే తొడుక్కున్నాడు. దువ్వెన పట్టింది, గ్లాసు పట్టింది, జుట్టులా కట్టిన దారపు కుచ్చు పట్టింది. వందసార్లు చూస్తే వందసార్లూ పట్టింది. గోడ మీది కాగితం ఆయన వీపు వెనకే ఉంది.

ఆదివారం అందరూ అత్తగారింట్లో ఉండగా గ్లౌజు బయటికి తీశాడు. తొడగడానికి మళ్లీ చాలాసేపు పట్టింది. మోటారు మూలిగింది, తీగలు బిగుసుకున్నాయి, పిడికిలి మాత్రం విచ్చుకోలేదు. ఆవిడ వేళ్ల మీద ఎర్రగా గాట్లు పడ్డాయి.

“అన్నయ్యా, దీన్ని ఎవరి చేతికి పెట్టి చూశావు?” టైలరు మెల్లగా అడిగాడు. వెక్కిరించి ఉంటే నయంగా ఉండేది.

తీగలాయనకు తల తీసేసినట్టయింది. గ్లౌజు విప్పుతుంటే అత్తగారే అంది: “నాకు రెండెందుకు పెద్దల్లుడుగారూ? మీరిద్దరూ కూర్చుని ఒక్కటి చెయ్యండి చాలు.”

సోమవారం ఆయన తన మోటారు తీసుకెళ్లి టైలరు బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈసారి ప్రతి తీగనూ అత్తగారి చేతి మీదే సరిచూశారు. అసూయ పోయిందా అంటే పోలేదు. టైలరు కొత్తగా ఏది చెప్పినా లోపల చురుక్కుమనేది. అయినా చెప్పింది చేశాడు.

పదోరోజున ఆవిడ అద్దం ముందు కూర్చుంది. తీగలాయన భార్య పట్టీలు బిగించింది. మోటారు తిరిగింది, వేళ్లు విచ్చుకున్నాయి, జుట్టు అందుకుని ముడుచుకున్నాయి. ఎడమచెయ్యి మెలితిప్పింది. రెండేళ్ల తర్వాత ఆవిడ ముడి ఆవిడే వేసుకుంది.

“కొంచెం పక్కకి ఒరిగిందమ్మా, సరిచెయ్యనా?” వెనక నుంచి కూతురు అడిగింది.

“ఉండనీవే. నేను వేసుకున్నది.”

అందరూ నవ్వారు. భార్య కూడా నవ్వింది. చేతిలో దువ్వెన అలాగే ఉంది, కళ్లు మాత్రం గ్లౌజు మీద ఉన్నాయి. ఆ చూపు తీగలాయన ఇట్టే పట్టేశాడు. మూడు నెలలుగా టైలరు కత్తెర వంక తను చూసిన చూపే అది. రోజూ పొద్దున ఆ తల్లీకూతుళ్లు ఏం మాట్లాడుకునేవారో ఆయన ఒక్కసారీ అడగలేదు.

ఇంటిదారిలో ఎప్పుడూ రెండడుగులు ముందు నడిచే మనిషి ఆమె పక్కన నడిచాడు. రేపు వెళ్తావా అని అడిగాడు.

“వెళ్లి ఏం చెయ్యను?”

“పట్టీలు ఎవరో ఒకరు బిగించాలిగా. ఆవిడే బిగించుకునేలా మార్చాలంటే ఇంకో నెల పడుతుంది.”

వీధి మలుపు దాటాక ఆమె, అయితే ఏడింటికే వెళ్లాలి అంది.

పట్టీలు మార్చడం ఒక్క పూట పని, రేపే చేసేస్తానని టైలరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ నెల గడువు కోసం పొద్దున్నే వెళ్లి తోడల్లుణ్ణి బతిమాలుకోవాలి. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ తీగలాయన ఇల్లు చేరాడు.